ఇరవై ముగ్గురు నాయకురాళ్ళూ ఒక దుప్పటీ

ఆ నర్సింగ్ కాలేజీలో నాయకత్వం కరువైందని మొట్టమొదట కనిపెట్టినవారు చక్రధరరావు గారు. అంతకు ముందు ముప్పై ఏళ్ళుగా అక్కడ చదివిన అమ్మాయిలు సూదిమందులు వేశారు, కట్లు కట్టారు, కాన్పులు చేశారు, చివరి క్షణాల్లో ఉన్నవాళ్ళ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంతే తప్ప వాళ్ళలో ఒక్కరైనా నాయకత్వం వహించినట్టు ఫైళ్ళలో ఎక్కడా దాఖలా లేదు. చేపల పెంపకం శాఖ నుంచి డిప్యుటేషన్ మీద నాయకత్వ వికాస అధికారిగా వచ్చిన మూడో రోజునే ఆయన ఈ లోపాన్ని పట్టేశారు.

ఆఖరి సంవత్సరం అమ్మాయిలు ఇరవై నలుగురు. మర్నాటి నుంచి మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకోవాలి. ఆ రోజు వాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి చక్రధరరావు గారు తలా ఒక ఆకుపచ్చ పుస్తకం పంచారు.

"రేపు మీరు వార్డుల్లోకి అడుగుపెడుతున్నారు. నర్సులుగా కాదు, నాయకురాళ్ళుగా! పని చేసేవాళ్ళు ఈ దేశంలో కోట్లమంది ఉన్నారు. పని చేయించేవాళ్ళకే తీవ్రమైన కొరత ఉన్నట్టు నిపుణులు గుర్తించియున్నారు" అన్నారు.

పుస్తకంలో ప్రతి పేజీకీ రెండే గళ్ళు. ఎడమవైపు 'నాయకత్వ చర్య'. కుడివైపు 'అనుచరుని సంతకం లేదా వేలిముద్ర'. ఎవరిచేతనైనా ఒక పని చేయించి సంతకం తీసుకుంటే ఒక మార్కు. మూడు నెలల్లో యాభై రావాలి. రాకపోతే ఇంకో మూడు నెలలు అదే వార్డు.

మూడో వరసలో చివర కూర్చున్న హైమావతి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసింది. తనకు కావలసిన గడి కనబడలేదు. అడగడం ఆమెకు అలవాటు లేదు. ఒకే పంతులుగారు అయిదు తరగతులకు చెప్పే బడిలో చదువుకున్న పిల్ల. ఆయనకి తీరిక దొరికే దాకా ఊరుకోవడం, ఈలోగా చూసి నేర్చుకోవడం ఆ బడిలోనే వచ్చాయి.

పక్కనున్న లిఖిత ఊరుకునే రకం కాదు. "సార్, మేమే చేసిన పని ఎక్కడ రాయాలి?"

"స్వయంగా చేయుట నాయకత్వ వైఫల్యం అమ్మా. వైఫల్యాలు రాసుకోవడానికి కాగితం వృథా చేయరాదని పై అధికారుల అభిప్రాయం."

హైమావతి పుస్తకం మూసి లెక్క వేసుకుంది. నర్సు ఉద్యోగాలకు దరఖాస్తు ఆఖరు తేదీ సరిగ్గా మూడు నెలల పది రోజుల తరవాత. పాసైన కాగితం జతచేయాలి. తప్పితే మళ్ళీ ఉద్యోగాలు ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. కిందటిసారి వేసి నాలుగేళ్ళయింది.

* * *

వాళ్ళకు పడింది ఆడవాళ్ళ ఎముకల వార్డు. మొదటి రోజే అమ్మాయిలకు ఒక సంగతి అర్థమైంది. అనుచరులు కావాలంటే రోగి వెంట వచ్చినవాళ్ళే దిక్కు.

ఎనిమిదో నంబరు మంచం మీద ఒక ఊరి పెద్ద గారి మేనత్త ఉంది. మణికట్టు విరిగింది. వెంట పదకొండు మంది వచ్చారు. అంతమంది అనుచరులను ఒక్కచోట చూసేసరికి పన్నెండు మంది నాయకురాళ్ళు ఆ మంచం చుట్టూ చేరారు. ఒకరు తలగడ ఎత్తమన్నారు, మరొకరు దించమన్నారు. ఒకరు ఫ్యాను వేయించారు, ఇంకొకరు ఆపించారు. మధ్యాహ్నానికి ఆ తలగడ పంతొమ్మిదిసార్లు ఎక్కి దిగింది. ప్రతి దానికీ సంతకం పడింది.

"ఓలమ్మ, నాకిరిగింది సెయ్యొకటే! మీరు పేణాలు తోడేత్తన్నారు గదర్రా!" అని ఆవిడ మొత్తుకుంది. మర్నాడు తెల్లారేసరికి మంచం ఖాళీ. డిశ్చార్జి కాగితం కూడా తీసుకోలేదు.

వారం తిరిగేసరికి మిగిలిన మంచాల వాళ్ళకీ తమ విలువ తెలిసింది. మూడో నంబరు రోగి మొగుడు, సీతంనాయుడనే ఆయన, లిఖిత ముందు బొటనవేలు పెట్టి చూపించాడు.

"పొద్దుటాల నుంచి ఏడు ముద్దర్లేసినాను. ఏలు నల్లగయిపోనాది. ఓ టిపినీ అయినా ఎట్టరా?"

"నిన్న ఇడ్లీ పెట్టించాను కదా!"

"అది నిన్నటి ముద్దర్లకి."

ఈ సందడి ఏమీ లేనిది ఒక్క పద్నాలుగో నంబరు మంచం దగ్గరే. అక్కడున్న అప్పలనర్సమ్మకు డెబ్బై దాటాయి. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. షుగరు వల్ల గాయం ఒక పట్టాన మానడం లేదు. వెంట ఎవరూ లేరు. చెల్లెలి కూతురు జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారం ఒక్కపూట వచ్చి వెళుతుంది. అంటే ఆ మంచానికి వారంలో ఆరు రోజులు అనుచరులు సున్నా. అందుచేత నాయకురాళ్ళెవరూ అటు వెళ్ళలేదు.

హైమావతి వెళ్ళింది. ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, జావ తాగించింది. ఆమె ఆకుపచ్చ పుస్తకం మాత్రం షాపులోంచి తెచ్చినంత కొత్తగా ఉండిపోయింది.

"ఏటే గుంటా, నీ జట్టోలందరూ అక్కడ మూగేసినారు. నువ్వొక్కర్తివీ ఈడ కూకున్నావు" అంది అప్పలనర్సమ్మ. "నాకు ఎనకాతల ఎవులూ నేరే. నా కాడ నీకేటి ముద్దర దొరుకుతాది?"

"నువ్వు జావ తాగు మామ్మా. చల్లారిపోతాది."

ఆరోజు పక్క సర్దుతూ హైమావతి ముసలమ్మ వీపు కింద చూసింది. నడుం దిగువన, ఎముక పైకి తేలినచోట, అరచేతిలో సగమంత మేర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదు. వెళ్ళి స్టాఫ్ నర్సు కరుణమ్మ సిస్టరును పిలుచుకొచ్చింది. నలభై మంచాలకు ఆ పూట ఉన్నది ఆవిడ ఒక్కతే.

సిస్టరు చూసి పెదవి విరిచింది. "ఇక్కడ పుండు పడిందంటే మామ్మ లేవదు. రెండేసి గంటలకి పక్క మార్చి తిప్పాలి. ఒక్కదానివీ లాగావా, తుంటి కదిలిపోతుంది. కింద పరిచిన దుప్పటి ఉంది చూడు, దాని అంచులు చెరోవైపూ ఇద్దరు పట్టుకోవాలి. ఒకళ్ళు ఒకటి, రెండు, మూడు అంటే ఇద్దరూ ఒక్కసారే ఎత్తాలి. నేనున్నప్పుడు నన్ను కేకెయ్యి. లేనప్పుడు మీవాళ్ళనెవరినైనా పిలుచుకో."

పిలుచుకోవడం తేలికే అనుకుంది హైమావతి. ఆ సాయంత్రమే చక్రధరరావు గారి సవరణ ఉత్తర్వు వచ్చింది.

* * *

రోగుల బంధువులు బయటివారు కనుక వారిని అనుచరులుగా లెక్కించరాదనీ, ఇకపై అనుచరులు నర్సింగ్ విద్యార్థినుల నుంచే రావలెననీ ఉత్తర్వులో ఉంది. అనుచరురాలిగా సంతకం పెట్టిన విద్యార్థిని తన నాయకత్వాన్ని వదులుకున్నట్టు భావించి, ఆమె పుస్తకంలో ఎర్రసిరాతో ఒక మార్కు తగ్గించబడును. స్టాఫ్ నర్సులు విద్యార్థినులకు చేయి సాయం చేసి వారి నాయకత్వాన్ని బలహీనపరచరాదు.

మర్నాడు ఎక్స్‌రే గది బయట, చక్రాల మంచం మీద కాలికి సిమెంటు కట్టుతో ఒక రోగి ఉంది. ఒక కొసన లిఖిత, రెండో కొసన జ్యోత్స్న.

"ఆ కొస పట్టుకుని తొయ్యవే" అంది లిఖిత.

"నువ్వు తొయ్యి. నేను దారి చూపిస్తా."

"దారి చూపించడం నాయకత్వం. ఆ మాత్రం నాకూ తెలుసు."

"తెలిస్తే తొయ్యి మరి!"

ముప్పావుగంట గడిచింది. రోగి ఇటు చూసింది, అటు చూసింది. "అమ్మలూ, పోనీ నాను దిగి కుంటుకుంటూ ఎల్లిపోనా?" అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి పుస్తకాలు తీసి, ఆ నిర్ణయం ఎవరి ప్రోత్సాహంతో తీసుకుందో చెప్పమన్నారు.

వార్డులో ఆ రోజు పక్కదుప్పట్లు మారలేదు. జ్వరం ఎవరికెంతో ఎవరూ చూడలేదు. ఇరవై ముగ్గురు అమ్మాయిలు మంచాల మధ్య నిలబడి ఒకరికొకరు ఆదేశాలు ఇచ్చుకుంటున్నారు.

చెడ్డ పిల్లలేం కాదు. ప్రతివాళ్ళకూ ఇంటి దగ్గర ఉద్యోగం కోసం కాచుకున్న మనిషి ఒకరుంటారు. యాభై మార్కులు ఎవరికి వద్దు?

పదకొండింటికి హైమావతి పద్నాలుగో నంబరు దగ్గర నిలబడి గడియారం చూసుకుంది. ఉదయం ఎనిమిదింటికి సిస్టరు దొంగచాటుగా వచ్చి ఒకసారి తిప్పించింది. అంతే. లిఖిత దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"రా, మామ్మని తిప్పాలి."

"అమ్మో, నేను సంతకం పెట్టను."

"నువ్వెందుకు పెడతావు? లెక్క నువ్వు పెట్టు. ఒకటి, రెండు, మూడు అను. నేనెత్తుతాను. నాయకురాలివి నువ్వే. సంతకం నేను పెడతాను."

లిఖిత చెయ్యి విడిపించుకుంది. "నీకు మైనస్ పడుతుందే, పిచ్చిదానా!"

"పడనీ. ఒకటి మాత్రం ఉంది. లెక్కపెట్టేటప్పుడు చేతులు ఊరికే ఉంచకు. ఆ అంచు పట్టుకో."

"చేతులు వాడితే స్వయంగా చేసినట్టు అవదూ?"

"పుస్తకంలో చేతుల సంగతి ఎక్కడా లేదు. నేను చూశాను."

లిఖిత లెక్కపెట్టింది. ముసలమ్మ అటుపక్కకి ఒత్తిగిలింది. ఎర్రగా కందినచోటికి గాలి తగిలింది. హైమావతి వీపు వెనక తలగడ ఆనించి, లిఖిత పుస్తకంలో కుడివైపు గడిలో తన పేరు పొందికగా రాసింది. తన పుస్తకం తీసి ఎర్రసిరా గీత తనే పెట్టుకుంది.

ఒంటిగంటకు జ్యోత్స్న తనంతట తనే వచ్చింది. "ఈసారి లెక్క నాది కదా?"

* * *

రెండో వారానికి హైమావతి కోసం వరస కట్టవలసి వచ్చింది. క్లాసు లీడరు ఒక పట్టిక రాసి గోడకి అంటించింది. ఎనిమిదింటికి లిఖిత నాయకత్వంలో పద్నాలుగో నంబరు తిప్పుట, అనుచరురాలు హైమావతి. ఎనిమిదిన్నరకు జ్యోత్స్న నాయకత్వంలో ఆరో నంబరు కట్టు మార్చుట, అనుచరురాలు హైమావతి. అలా సాయంత్రం దాకా.

హైమావతి ఎవరినీ కాదనలేదు. ఎవరు లెక్కపెట్టడానికి వచ్చినా వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టేది. "ఈ గిన్నె పట్టుకుని చెప్పండి", "ఆ కాలు కొంచెం ఎత్తిపట్టి చెప్పండి" అనేది. నాయకురాళ్ళు ఆదేశాలిస్తూనే గిన్నెలు పట్టుకున్నారు, కాళ్ళెత్తారు, పుళ్ళు కడిగారు. మంచాలన్నిటికీ ఉతికిన దుప్పట్లు పడ్డాయి. వార్డంతా ఫినాయిలు వాసనతో, ఎండతో శుభ్రంగా ఉండేది.

"ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేనింత మంచి వార్డు చూడలేదు" అంది కరుణమ్మ సిస్టరు. "పుస్తకాలు చూస్తే మాత్రం ఇక్కడ పని చేసిన మనిషి ఒక్కతే కనిపిస్తోంది. దానికేమో ఇప్పటికే మైనస్ నాలుగొందల ముప్పై ఏడు!"

మూడు నెలలు నిండేసరికి అప్పలనర్సమ్మ వీపు మీద ఎరుపు పోయి చర్మం మామూలు రంగులోకి తిరిగింది. తుంటి గాయం కూడా సగానికి మానింది. అదే వారంలో కాలేజీకి ఉత్తమ నాయకత్వ సంస్థగా షీల్డు వచ్చింది. ఇరవై ముగ్గురు విద్యార్థినులకు నూటికి నూరు వచ్చిన కాలేజీ ఇంకొకటి లేదట.

షీల్డు ఇచ్చే రోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ వసుంధరాదేవి గారి గదిలోంచి హైమావతికి పిలుపు వచ్చింది. బయట పచ్చికలో మిగతా ఇరవై ముగ్గురూ షీల్డుతో ఫోటోకి నిలబడుతున్నారు. మధ్యలో ఎవరు నిలబడాలన్న దాని మీద గంట నుంచి ఫోటో ఆగి ఉంది.

చక్రధరరావు గారు కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు. "అమ్మా హైమావతీ, ఇరవై ముగ్గురి పుస్తకాలు పరిశీలించడమైనది. ప్రతి పేజీలోనూ మీ సంతకమే. అంటే ఈ సంస్థలో లభ్యమైన అనుచరురాలు మీరు ఒక్కరే!"

"అవును సార్."

"వచ్చే వారం కొత్త బ్యాచి వార్డులోకి వస్తోంది. ముప్పై మంది. వాళ్ళు ఎవరిని చూసుకుని నాయకత్వం వహించాలి?"

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "నిన్ను పాస్ చేస్తే నువ్వు వెళ్ళిపోతావమ్మా. షీల్డు నిలబెట్టుకోవాలి కదా. ఎలాగూ నీ మార్కులు కూడా... అవి వేయడానికి ఫారంలో మైనస్ గడి కూడా లేదు."

"కావున సంస్థ ప్రయోజనాల దృష్ట్యా మరో మూడు నెలలు, అవసరమైనచో ఆపైన కూడా, అనుచరురాలిగా కొనసాగుటకు సమ్మతిస్తున్నట్టు ఇక్కడ రాసి ఉంది." చక్రధరరావు గారు కాగితం ముందుకు తోసి, పెన్ను మూత తీసి ఇచ్చారు. "సంతకం మీకు అలవాటే కదా!"

హైమావతి పెన్ను తీసుకుంది. దరఖాస్తు గడువు ఇంకా పది రోజులుంది. కాగితం రెండుసార్లు చదివింది. గోడ గడియారం వైపు చూసింది. రెండు కావడానికి పది నిమిషాలు. పెన్నుకు మూత పెట్టి కాగితం మీద ఉంచింది.

"పెట్టను సార్."

ఆ గదిలో ఆ మాట ఇంతకు ముందు ఎవరూ అని ఉండరు. ఇద్దరూ అర్థం కానట్టు చూశారు.

"అంటే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పెట్టనండి. రెండింటికి పద్నాలుగో నంబరు మామ్మని తిప్పాలి. వెళ్ళొస్తాను మేడమ్."

వెళ్ళిపోయింది. తలుపు కూడా చప్పుడవకుండా దగ్గరికి వేసి మరీ వెళ్ళింది.

* * *

సమ్మతి కాగితం ఆనాటి తపాలాలో పైకి పోవాలి. చక్రధరరావు గారు కాగితం, పెన్ను పట్టుకుని వరండా వెంట వడివడిగా వచ్చారు. వార్డులోకి ఆయన రావడం అదే మొదలు. మందుల వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పద్నాలుగో నంబరు వెతుక్కున్నారు.

అక్కడ హైమావతి ఒక్కతే ఉంది. దుప్పటి ఒక అంచు పట్టుకుని నిలబడి, ద్వారం వైపు చూస్తోంది. లెక్కపెట్టేవాళ్ళందరూ పచ్చికలోనే ఉన్నారు. కరుణమ్మ సిస్టరు ఆపరేషన్ గదికి రోగిని తీసుకువెళ్ళింది.

"ఏమిటమ్మా ఈ క్రమశిక్షణా రాహిత్యం! నేనొక అధికారిని. మీ వెంట రావలసిన పరిస్థితి..."

"సార్, ఆ అంచు పట్టుకోండి."

"ఏమిటి?"

"దుప్పటి అంచు సార్. రెండు చేతులతో. మామ్మ ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోండి. గట్టిగా."

చక్రధరరావు గారు పాతిక సంవత్సరాల సర్వీసులో ఇంత సూటిగా ఉన్న ఆదేశం వినలేదు. అందులో 'తగు చర్య' లేదు, 'పరిశీలించగలరు' లేదు. ఆయన కాగితం, పెన్ను, రుమాలు స్టూలు మీద పడేసి రెండు చేతులతో అంచు పట్టుకున్నారు.

"నేను మూడు అన్నాక ఎత్తండి. ఒకటి... రెండు... మూడు!"

ముసలమ్మ తేలిగ్గా పక్కకి ఒత్తిగిలింది. మూలగలేదు.

"ఆ తలగడ అందుకోండి సార్. వీపు వెనక. అది కాదు, పెద్దది. ఆ, మడమ కింద ఇంకోటి. మడమ పరుపుకి ఆనకూడదు."

ఆయన పెద్ద తలగడ అందుకున్నారు. మడమ కింద చిన్నది సర్దారు. సర్దాక రెండడుగులు వెనక్కి వేసి, తను చేసిన పని వంక చూసి, అప్పుడు ఉలిక్కిపడ్డారు. చుట్టూ చూశారు. నలభై మంచాల మీద నుంచి అందరూ చూస్తున్నారు. మూడో నంబరు దగ్గర సీతంనాయుడు లేచి నిలబడి మరీ చూస్తున్నాడు.

"బాబూ, ముద్దరెయ్యాల గదా తమరు!" అని గుర్తుచేశాడు.

అప్పలనర్సమ్మ పక్కకి తిరిగినట్టే మాట్లాడింది. "ఆ బాబు సేతులు దూదినాగ మెత్తగున్నాయే గుంటా. ఎన్నడూ పని సేసిన సేతులు కావు. అయినా బాగానే అట్టుకున్నాడు పాపం. నాలుగింటికి మల్లా రమ్మను."

చక్రధరరావు గారు కాగితం మరిచిపోయి వెళ్ళిపోయారు.

ప్రిన్సిపాల్ గారి గదిలో తలుపులు మూసుకుని గంటసేపు చర్చ జరిగింది. తన ఉత్తర్వు ప్రకారం చక్రధరరావు గారే ఒక విద్యార్థినికి అనుచరుడయ్యారు. నలభై మంది సాక్షులు. ఎర్రసిరా గీత ఒకటి ఇప్పుడు తన సర్వీసు రికార్డులో పడాలి. పైన ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

"పోనీ ఆ ఉత్తర్వు రద్దు చేసేద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఉత్తర్వు రద్దు చేస్తే షీల్డు పోతుంది మేడమ్." చక్రధరరావు గారు నుదురు తుడుచుకున్నారు. ఆయన మొహం మెల్లగా తేటపడింది. "ఒక నాయకునికి అనుచరురాలో, ఒక నాయకురాలికి అనుచరుడో ఉంటే అది అనుసరణ. అదే ఇద్దరు నాయకులు కలిసి పనిచేస్తే? దాన్ని సమన్వయం అంటారు. దానికి మైనస్ లేదు."

"కానీ ఆ అమ్మాయి నాయకురాలు కాదు కదండీ. ఫెయిలైంది."

"ఎప్పుడు ఫెయిలైంది? ఇంకా ఎక్కడా రాయలేదు కదా!"

ఉత్తర్వు టైపయి వార్డుకి చేరేసరికి నాలుగు కావస్తోంది. కరుణమ్మ సిస్టరు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. కుమారి హైమావతి నాయకత్వ పరీక్షలో, అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటా యాభై అయిదు నిమిషాల నుంచి వర్తించేలా, ఉత్తీర్ణురాలైనట్టు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

"పాసయ్యావే!" అని లిఖిత వచ్చి హైమావతిని వాటేసుకుంది. ఫోటో ఇంకా తీయలేదట. విసుగొచ్చి వచ్చేసింది. "ఒంటిగంటా యాభై అయిదేమిటే? ఇదేం లెక్క?"

హైమావతి కాగితం తీసుకుని తను కూడా ఒకసారి చదువుకుంది. రేపు పొద్దున్నే దరఖాస్తు పోస్టు చేయవచ్చు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా పెట్టుకుంది.

"ఏటంటాది ఆ కాయితం?" అడిగింది అప్పలనర్సమ్మ.

"రెండింటికి అయిదు నిమిషాల ముందే నేను పాసయ్యానంట మామ్మా."

"మరి రెండింటికి నన్ను తిప్పిందెవులంట?"

"అది తిప్పడం కాదంట. సమన్వయమంట."

"ఏదో ఒకటి" అంది ముసలమ్మ. "నాలుగయిపోనాది. రండి, అట్టుకోండి."